ఇల్లు ఖాళీ చేసిన ఏడాది

2016లో అట్లెటికో డి కోల్‌కతా ఫుట్‌బాల్ జట్టు తన సొంత స్టేడియాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో మన దేశంలో అండర్-17 ప్రపంచకప్ జరగాలి. ఫైనల్ వేదిక కోల్‌కతాలోని వివేకానంద యువభారతి క్రీడాంగణం. ఊరివాళ్ల నోట అది సాల్ట్ లేక్ స్టేడియం. పిల్లల ప్రపంచకప్ కోసం దాన్ని అడుగు నుంచి పైదాకా బాగుచేసే పని మొదలైంది. ఆ సీజనంతా జట్టు వేరేచోట ఆడింది. ఆడి, ఆ ఏడాది ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. ఆ గెలుపు వెనక ఉన్న పనితనం గురించి నిదానంగా మాట్లాడుకోవాలని నాకు చాలాకాలంగా ఉంది.

ముందు ఖాళీ చేసిన ఇల్లు ఎంతటిదో చెప్పాలి. సాల్ట్ లేక్ స్టేడియాన్ని 1984లో తెరిచారు. 1997 జులైలో అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల మధ్య ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ జరిగితే లక్షా ముప్ఫై వేలకు పైగా జనం వచ్చారు. 2014 అక్టోబరు 12న సూపర్ లీగ్ మొట్టమొదటి ఆట కూడా అక్కడే. ఆ రోజు కోల్‌కతా జట్టు ముంబయిని 3-0తో ఓడించింది, ఆ ఏడాది తొలి కప్పూ ఎత్తుకుంది. అంత జనఘోష వెనక ఉన్న జట్టు 2016లో దక్షిణ కోల్‌కతాలో రవీంద్ర సరోవరం పక్కనున్న పాత స్టేడియానికి మారింది. అక్కడ పట్టింది పన్నెండు వేల మందికి అటూ ఇటూ.

కష్టం ఆ ఒక్క జట్టుదే కాదు. సాల్ట్ లేక్ మూతపడ్డ కాలంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఐ-లీగ్ పోటీలు కూడా చెల్లాచెదురయ్యాయి. కోల్‌కతా ప్రాణంగా చూసుకునే ఆ రెండు జట్ల పోరు 2017లో ఎక్కడో ఉత్తరాన హిమాలయాల పాదాల దగ్గరున్న సిలిగుడిలో జరిగింది. ఈ రెండు జట్లూ మనకు పరాయివి కావు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్ చొక్కాలోనే కోల్‌కతాను మురిపించాడు. హైదరాబాదు హబీబ్‌ని ఆ ఊరు ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకుంది. శిక్షకుడు రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన కాలం నుంచీ తెలుగునేల ఆటగాళ్ల దారి అటే సాగింది. కోల్‌కతా ఆట గురించి పల్నాటి మూల ఈపూరులో కూర్చుని రాయడానికి నాకున్న చనువు అదే.

రవీంద్ర సరోవరం సహజంగా ఏర్పడిన చెరువు కాదు. 1920ల్లో కలకత్తా అభివృద్ధి ట్రస్టు తవ్వించింది. చుట్టూ చెట్లు, చలికాలం వలస పక్షులు. అప్పట్లో సూపర్ లీగ్ జరిగింది సరిగ్గా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రాత్రి ఆటలకు ఫ్లడ్‌లైట్లు వేస్తే, జనం కేకలు పెడితే పక్షుల గతేమిటని పర్యావరణవాదులు నిలదీశారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. షరతుల మీద ఆటలు జరిగాయి. ఆ అభ్యంతరం న్యాయమైందనే నా అభిప్రాయం. అలాంటి చోట దీపాలు బిగించేవాడికి రెండు బాధ్యతలు. టీవీ కెమెరాకు బంతి స్పష్టంగా కనపడాలి, వెలుగు చెరువు మీదికి పారకూడదు. పాత స్టేడియంలో కుర్చీలు, ఆటగాళ్ల గదులు, దీపాలు అన్నీ తక్కువ కాలంలో సూపర్ లీగ్ స్థాయికి తేవలసి వచ్చింది. అది చేసినవాళ్ల పేర్లు ఏ స్కోరు పట్టికలోనూ ఉండవు. 2016 అక్టోబరు 2న చెన్నైతో అక్కడ మొదటి ఆట జరిగి, 2-2తో డ్రా అయింది.

ఖాళీ అయిన పెద్ద స్టేడియం సంగతికి వస్తే, నా మనసంతా అక్కడి గడ్డి మీదే. 2011లో పరిచిన కృత్రిమ గడ్డిని తీసేసి అసలు గడ్డి వేశారు. దాని రకం రివియెరా బెర్ముడా. పేరు దొరబాబులా ఉన్నా అది మన గరిక జాతే. వినాయక చవితి పత్రిలో పెట్టే గరిక, మిరప చేలో కనిపిస్తే కలుపని పీకి గట్టున పారేసే గరిక. రైతును విసిగించే దాని మొండితనమే మైదానానికి కావలసిన గుణం. నేల మీద తీగ పాకుతుంది, నేల లోపల వేరులాంటి కాండం పాకుతుంది. బూటు మేకు దిగి ఒకచోట గడ్డి లేచిపోతే నాలుగు పక్కల నుంచి తీగలు వచ్చి ఆ గాయాన్ని పూడుస్తాయి. ఎండకు ఓర్చుకుంటుంది, ఎంత పొట్టిగా కత్తిరించినా చిగురిస్తుంది.

అయితే గడ్డి ఎంత మంచిదైనా అడుగున నేల సహకరించాలి. మన నల్లరేగడి సంగతి తెలిసిందే. వాన పడితే చెప్పు వదలదు, ఎండితే నెర్రెలు విడుస్తుంది. అలాంటి మట్టి మీద బంతి దొర్లదు, మోకాలు నిలవదు. అందుకే మేలైన ఫుట్‌బాల్ మైదానాలకు వేరు పట్టే పొరగా ఇసుక పరుస్తారు. వాన నీరు ఇసుకలోంచి దిగి కింది గొట్టాల్లోకి పోవాలి, గడ్డికి తగినంత తేమ మాత్రం పైన మిగలాలి. నీళ్లు మరీ త్వరగా దిగిపోతే గడ్డి వాడుతుంది, నిలిస్తే కుళ్లుతుంది. ఈ రెంటి మధ్య కొలత పట్టడమే మైదానం పెంచేవాడి విద్య.

ఆ విద్యకు పరీక్ష 2017 అక్టోబరులో వచ్చింది. బ్రెజిల్, ఇంగ్లండ్ సెమీఫైనల్ గువాహటిలో జరగాలి. వానలకు అక్కడి మైదానం పాడైంది. ఆటకు రెండు రోజుల ముందు దాన్ని కోల్‌కతాకు మార్చారు. 22న బ్రెజిల్, జర్మనీ క్వార్టర్ ఫైనల్ ఆడిన అదే గడ్డి మీద 25న సెమీఫైనల్, మళ్లీ 28న ఒకే రోజు రెండు ఆటలు. మూడో స్థానం కోసం ముందు బ్రెజిల్, మాలి తలపడ్డాయి. తర్వాత ఫైనల్. వారం రోజుల్లో నాలుగు పెద్ద ఆటలు ఆ గరిక మోసింది. ఫైనల్లో ఇంగ్లండ్ కుర్రాళ్లు స్పెయిన్ చేతిలో 0-2తో వెనకబడి, తర్వాత అయిదు గోల్స్ కొట్టి 5-2తో గెలిచారు. రెండు గోల్స్ కొట్టిన ఫిల్ ఫోడెన్ పాదాల దగ్గర బంతి ఎక్కడా ఎగిరిపడకుండా ఎంత నిలకడగా దొర్లిందో చూసినవాళ్లు, ఆ నేలను సిద్ధం చేసినవాళ్లకు కూడా చప్పట్లు కొట్టాలి. ఆ రోజు స్టేడియంలో 66 వేల పైచిలుకు జనం.

ఇక 2016 జట్టు. దాని శిల్పి శిక్షకుడు హోసె మోలినా. ఒకప్పటి స్పెయిన్ గోల్‌కీపర్. అట్లెటికో మాడ్రిడ్ 1995-96లో లీగూ, రాజు కప్పూ రెండూ గెలిచినప్పుడు గోలు కాసింది ఆయనే. స్పెయిన్ తరఫున మొదటి ఆట 1996లో నార్వే మీద ఆడాడు. విచిత్రమేమిటంటే ఆ రోజు ఆయన్ని గోల్‌కీపరుగా దించలేదు. మార్పులకు మనుషులు మిగలక, మైదానంలో మామూలు ఆటగాడిగా దించారు. 2002లో కాన్సర్ వస్తే చికిత్స చేయించుకుని తిరిగొచ్చి ఆడాడు. తనది కాని చోట నిలబడి పని చేయడం ఏమిటో ఆయనకు ఒంటితో తెలుసు.

ఆ సీజన్‌లో లీగ్ దశ 14 ఆటలు. కోల్‌కతా గెలిచినవి 4, ఓడినవి 2, డ్రాలు 8. అప్పట్లో చాలామంది ఈ డ్రాలను చూసి పెదవి విరిచారు. నా లెక్క వేరు. ఇంటి జనం బలం బాగా పడిపోయిన జట్టు మొదట నేర్చుకోవలసింది ఓడకపోవడం. స్టేడియం ఊపుతో చివరి పది నిమిషాల్లో గోలు వస్తుందన్న భరోసా ఇక లేదు. అందుకే మోలినా ఆటను వెనక నుంచి కట్టుకుంటూ వచ్చాడు. తిరి, సెరెనో గోలు ముందు, బోర్హా ఫెర్నాండెజ్ మధ్యలో, దౌతీ, హ్యూమ్ ముందు. తిరిగి చూస్తే వెనక ఎప్పుడూ మనిషి ఉండేవాడు. పద్నాలుగింటిలో రెండే ఓటములతో, 20 పాయింట్లతో నాలుగో స్థానంలో సెమీఫైనల్ చేరారు. అంతకు మించి కిందికి జారినా బయటికే.

సెమీఫైనల్ ప్రత్యర్థి ముంబయి, లీగ్‌లో మొదటి స్థానం. తొలి అంచె డిసెంబరు 10న సరోవరం ఒడ్డున జరిగింది. మొదటి సగంలోనే అయిదు గోల్స్. రాల్టే గోలుతో కోల్‌కతా ముందుకు వెళ్లింది, ముంబయి రెండు కొట్టి దాటేసింది, ఇయాన్ హ్యూమ్ మళ్లీ రెండు కొట్టి 3-2 చేశాడు. రెండో సగంలో ముంబయి ప్రధాన ఆటగాడు ఫోర్లాన్ రెడ్ కార్డుతో బయటికెళ్లాడు. ఆధిక్యం ఒక్క గోలే. మూడు రోజుల్లో ముంబయిలో రెండో అంచె.

అప్పుడు మోలినా చేసిన పని గురించే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. తొలి అంచె మొదలుపెట్టిన పదకొండు మందిలో తొమ్మిది మందిని మార్చేశాడు. గెలిచిన జట్టును కదపకూడదని ఆటలో పెద్ద నమ్మకం. సెమీఫైనల్లో, పరాయి గడ్డ మీద, ఒక్క గోలు ఆధిక్యంతో తొమ్మిది మార్పులంటే విన్నవాళ్లు నివ్వెరపోయారు. కానీ లెక్క స్పష్టం. అక్టోబరు 1 నుంచి డిసెంబరు 18 లోపు మొత్తం పోటీ ముగియాలి. నాలుగైదు రోజులకో ఆట, మధ్యలో విమాన ప్రయాణాలు. మూడు రోజుల కిందట కాళ్లు ఊడేలా పరిగెత్తినవాడి కన్నా, నెలల తరబడి సాధన చేసి కాచుకుని కూర్చున్నవాడు ఆ రాత్రికి నయం. అయితే ఈ మాట ఆ రోజు పొద్దున అనుకుంటే కుదరదు. పద్నాలుగు ఆటల్లో అందరినీ దించుతూ, ఎవరు ఎవరి పక్కన నిలబడినా అదే పద్ధతి సాగేలా ముందు నుంచీ తయారు చేసుకుంటూ రావాలి. కోటప్పకొండ తిరునాళ్లకు కదిలే ప్రభను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అంత ఎత్తు ప్రభ బండి మీద ఒరగకుండా నడిచేది నాలుగు వైపులా మోకులు పట్టినవాళ్ల వల్ల. దారిలో మోకు పట్టిన చేతులు మారుతుంటాయి, బిగువు మాత్రం మారదు.

ఆ బిగువుకు అసలు పరీక్ష విరామానికి కాస్త ముందు వచ్చింది. కోల్‌కతా డిఫెండర్ రాబర్ట్ రెండో పసుపు కార్డు తిని బయటికి వెళ్లాడు. మిగిలింది పదిమంది, ఇంకా రెండో సగమంతా ఉంది. ఆ నలభై అయిదు నిమిషాల్లో ఎవరూ బంతి కోసం ఒంటరిగా పరిగెత్తిపోలేదు. వరస కుదించుకుని, పక్కలు మూసి, ముంబయిని దూరం నుంచి కొట్టనిచ్చారు. 0-0. మొత్తం 3-2తో కోల్‌కతా ఫైనల్లో. గోలే లేని ఆ ఆట ఆ సీజన్‌లో అన్నిటికన్నా గొప్ప ఆటని నా నిశ్చితాభిప్రాయం.

ఫైనల్ డిసెంబరు 18న కొచ్చిలో, కేరళ బ్లాస్టర్స్ సొంత స్టేడియంలో. 54 వేల పైచిలుకు పసుపు చొక్కాలు. తన మైదానం కోల్పోయిన జట్టు ఎదుటివాడి ఇంట్లో కప్పు కోసం నిలబడింది. రెండు గోల్స్ కార్నర్ కిక్‌ల మీదే, రెండూ తలతోనే. కేరళకు రఫీ, కోల్‌కతాకు సెరెనో. అదనపు సమయం కూడా అయిపోయి పెనాల్టీలకు వచ్చింది. కోల్‌కతా మొదటి కిక్ హ్యూమ్‌ది, కేరళ కీపర్ ఆపేశాడు. తర్వాత దౌతీ, బోర్హా, లారా ఒక్కొక్కరూ తొందరపడకుండా పని పూర్తి చేశారు. కేరళ వైపు ఎన్‌దోయ్ బంతిని పైకి కొట్టాడు. చివరగా హెంగ్‌బార్ట్ కిక్‌ను దేబ్‌జిత్ మజుందార్ కాలితో ఆపాడు. జువెల్ రాజా కొట్టిన గోలుతో 4-3.

ఇలాంటిది అంతకు ముందు ఏడాది కెనడాలోనూ జరిగింది. 2015 మహిళల ప్రపంచకప్ కోసం ఎడ్మంటన్‌లోని కామన్వెల్త్ స్టేడియం ఇవ్వాల్సి వచ్చి, అక్కడి కెనడియన్ ఫుట్‌బాల్ జట్టు సీజన్‌కు ముందు ఆటను ఫోర్ట్ మెక్‌మరేకు తీసుకెళ్లింది. ఆ నవంబరులో ఆ జట్టే గ్రే కప్ గెలిచింది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా కరోనా వల్ల గచ్చిబౌలి వదిలి, సీజనంతా గోవాలోనే ఆడి 2022 మార్చిలో ఛాంపియన్ అయింది. ఇల్లు వదిలితే గెలుస్తారని దీని అర్థం కాదు, వదిలి ఓడినవాళ్లు బోలెడు. ఈ మూడింటిలో నాకు దగ్గరగా తెలిసిన కోల్‌కతా జట్టు గెలుపు మాత్రం అదృష్టం కాదు, కట్టిన పని.

మోలినా మళ్లీ కోల్‌కతా వచ్చాడు, ఈసారి మోహన్ బగాన్ శిక్షకుడిగా. 2024-25లో లీగ్ షీల్డు గెలిచాడు. 2025 ఏప్రిల్ 12న, ఒకప్పుడు తనకు దొరకని ఆ సాల్ట్ లేక్ మైదానంలోనే బెంగళూరును 2-1తో ఓడించి కప్పు కూడా గెలిచాడు.

మన హైస్కూళ్ల వ్యాయామోపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలకు గోల్స్ గుదిగుచ్చిన వీడియోలు మాత్రమే చూపించకండి. 2016 డిసెంబరు 13 నాటి ముంబయి, కోల్‌కతా ఆట రెండో సగం దొరికితే పూర్తిగా కూర్చోబెట్టి చూపించండి. పదిమంది ఒక్కరిలా ఎలా కదిలారో ఆపి ఆపి వివరించండి.