వెంకటేశం ఇంగ్లీషు: వల్లెవేత, సంభాషణ

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ (ద్వితీయ ముద్రణ 1909)లో వెంకమ్మ తన కొడుకు వెంకటేశం గిరీశంతో ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ బడిలో వల్లెవేసిన పద్యపాదాలనూ వాక్యాలనూ వంతులవారీగా అప్పజెబుతారు. ఈ ఘట్టాన్ని గిరీశం వంచనకు నిదర్శనంగా చదవడం పరిపాటి. భాషాబోధన దృష్టితో పరిశీలిస్తే ఇందులో అంతకంటె లోతైన విమర్శ కనబడుతుంది.

ఇక్కడ ధారాళత ఉన్నది, వంతులు మార్చుకోవడమూ ఉన్నది. అయితే ఒకరు పలికిన మాటపై రెండవవారి మాట ఆధారపడదు. వినే తల్లికి ఆ భాష రాదు కనుక తప్పొప్పులు బయటపడవు. తనతో సంభాషణే విద్య అని చాటుకొనే గిరీశం శిష్యునికి ఇవ్వనిది సంభాషణే.

గిడుగు రామమూర్తి సవరభాషాభ్యాసం దీనికి భిన్నమైనది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరలను ఆశ్రయించి వారి భాష నేర్చుకున్నారు. పొరపడితే సరిదిద్దగల శ్రోత ఎదుట ఉండటమే ఆ అభ్యాసానికి బలం.

పల్నాడు జిల్లా అచ్చంపేట వంటి మండల కేంద్రంలో బడి దాటిన ఇంగ్లీషు విద్యార్థికి అటువంటి శ్రోత దొరకడం అరుదు. తోటి విద్యార్థి ఆ స్థానాన్ని కొంతమేరకు పూరించగలడు. ఒకరు అచ్చంపేట నుంచి కృష్ణ ఒడ్డుకు దారి చెప్పాలి. మరొకరు విన్నది విన్నట్టు గీయాలి. గీత తప్పితే చెప్పినవాడే మాట సవరించుకుంటాడు. ఉచ్చారణ, వ్యాకరణ దోషాలన్నీ ఈ పద్ధతికి చిక్కవు. వాటికి తరగతి గది కావలసిందే. కానీ తన మాట ఎదుటివారికి చేరిందో లేదో తెలుసుకొనే అవకాశం, వెంకటేశానికి దక్కనిది, ఈ విద్యార్థికి దక్కుతుంది.