పడవ విమానముల బొమ్మలు: నీరు చెప్పు సాక్ష్యము

2024 నవంబరు 9వ తేదీన విజయవాడలో కృష్ణానది నీటిపైనుండి ఒక చిన్న విమానము లేచి, ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడును ఎక్కించుకొని శ్రీశైలము చేరినది. ఆ వార్త విన్న మాచవరము బాలుడొకడు, తన మండలమునకు ఉత్తరమున పారు కృష్ణపై అట్టి విమానము దిగినట్లు బొమ్మ వేయబూనెననుకొందము. వానికి మాదిరి ఏది? పాత పుస్తకములలోను, గోడ ప్రకటనలలోను, నేడు సెల్‌ఫోనులోను కనబడు రంగుల చిత్రములే. పాతకాలపు పడవ విమానములను, ప్రయాణికుల విమానములను చిత్రించుట పాశ్చాత్యదేశములలో నేటికిని ఒక ప్రత్యేక కళగా సాగుచున్నది. ఆ చిత్రములు చూచుటకు ముచ్చటగా నుండును. అవి నిజము చెప్పుచున్నవా అనునదే మన ప్రశ్న.

ఇది వట్టి చాదస్తమని కొందరనవచ్చును. కాని ఒక సంగతి గమనింపుడు. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ కొరకు షార్ట్ సోదరుల కర్మాగారము 1936 నుండి కట్టిన ఎంపైర్ తరగతి పడవ విమానములు మొత్తము 42. అవి కరాచీ, గ్వాలియరు, అలహాబాదు, కలకత్తాల మీదుగా తూర్పు దేశములకు సాగెడివి. మన దేశమున సరస్సులపైనను, యమునా హుగ్లీ నదులపైనను దిగెడివి. వానిలో నేడు పూర్తిగా నిలిచియున్నది ఒక్కటియు లేదు. అమెరికాలో బోయింగు సంస్థ కట్టిన 314 తరగతి పడవ విమానములు 12. అవియు అన్నియు నశించినవి. ఛాయాచిత్రములున్నను అవి చాలవరకు నలుపు తెలుపులు. కావున ఆ యంత్రములు రంగులతో, నీటితో, ఎండతో ఎట్లుండెడివో నేటి పాఠకునికి చెప్పవలసినవాడు చిత్రకారుడే. సాక్షి ఒక్కడే మిగిలినపుడు, వాని మాటను గట్టిగా పరీక్షింపక తప్పదు.

మొదటి పరీక్ష జాతిభేదము. విజయవాడలో లేచిన డి హావిలాండ్ విమానము జలవిమానమే గాని పడవ విమానము కాదు. దాని శరీరము నీటిని తాకదు. క్రింద అమర్చిన రెండు పొడవైన తేలుడు తొట్లు దానిని మోయును. పడవ విమానములో శరీరమే పడవ. అది బొడ్డువరకు నీటిలో మునిగి యుండును. ఈ రెంటిని కలిపివేసి, పడవ కడుపుగల విమానమునకు తొట్లు కూడ తగిలించు చిత్రములు కొల్లలు. రెక్కల కొనలయందు చిన్న తొట్లు ఉండుట నిజమే. కాని అవి బరువు మోయుటకు కాదు, ప్రక్కకు ఒరగకుండ ఆపుటకు. నీటిపై నిలిచియున్నపుడు విమానము సాధారణముగా కొంచెము ఒక ప్రక్కకు వాలి, ఒక కొన తొట్టి మాత్రమే నీటిని తాకుచుండును. రెండు తొట్లును సమానముగా నీటిలో ముంచిన చిత్రకారుడు నిలిచియున్న పడవ విమానమును చూచియుండడు.

రెండవ పరీక్ష నీటిగీత. ఎంపైర్ విమానము నిండుబరువుతో సుమారు 18 టన్నులు తూగెడిది. ఆర్కిమిడీస్ సూత్రము ప్రకారము అది తేలవలెనన్నచో 18 టన్నుల నీటిని, అనగా మంచినీటిలో సుమారు 18 ఘనమీటర్ల నీటిని, తొలగింపవలెను. ప్రక్కకు మూడు మీటర్లు, నిలువున మూడు మీటర్లు, లోతున రెండు మీటర్లు గల తొట్టిలో పట్టునంత నీరది. ఆకువలె నీటిపైన ఆనీ ఆనక నిలిచిన విమానమును వేసినవారు ఈ 18 ఘనమీటర్లను మరచినారన్నమాట. రంగు ఎంత అందముగా నున్నను, ఆ బొమ్మలో బరువు లేదు.

మూడవది అన్నిటికంటె కష్టము: లేచు క్షణము. వేగము పెరిగినకొలది విమానము నీటిలోనుండి పైకి వచ్చి, నీటి వీపుపై జారుచు పరుగెత్తును. కాని నీరు నున్నని కడుపును అంటుకొని వెనుకకు లాగును. అందువలన కడుపు మధ్యభాగమున అడ్డముగా ఒక మెట్టు కోసియుందురు. ఆ మెట్టు వద్ద గాలి దూరి నీటి పట్టును విడిపించును. మెట్టులేని పడవ విమానము బొమ్మలో ఎగురునేమో గాని నదిలో లేవదు.

ఇక చిత్రకారులకు మిక్కిలి ప్రియమైనది అద్దమువంటి నీరు. ఉదయకాంతి, నిశ్చలమైన సరస్సు, అందు విమానపు నీడ. ఎన్ని ప్రకటన చిత్రములలో ఈ దృశ్యము కలదో లెక్కలేదు. పైలటు మాత్రము ఆ నీటినే చూచి జంకును. అలలు లేనిచో కడుపు క్రిందికి గాలి చేరుట కష్టము, పరుగు పొడవగును. దిగునపుడు నీటి మట్టము ఎక్కడున్నదో కంటికి తెలియదు. చిన్నపాటి అలలున్న నీరే వానికి మేలు. అద్దపు నీటిని వేయవద్దని నేననుట లేదు. దానిపై నుండి లేచు విమానమును వేసినపుడు వెనుక పొడవైన నురుగుచాలును కూడ వేయుమనుచున్నాను. అపుడు అందము నిలుచును, సత్యమును నిలుచును.

నేలపై దిగు పాత విమానముల చిత్రములకును పరీక్షలు కలవు. మనకు దగ్గరి ఉదాహరణము డకోటా. 1945లో స్థాపితమైన డెక్కన్ ఎయిర్‌వేస్, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలియువరకు, బేగంపేట నుండి ఈ విమానములనే నడిపినది. డకోటా తోకక్రింద చక్రము గలది. నేలపై ముక్కెత్తి, తోక దించి నిలుచును. ఇప్పటి విమానమువలె బల్లపరుపుగా నిలిపి గీసినచో అది డకోటా కాదు. ఎగురుచున్న విమానపు ప్రొపెల్లరు రెక్కలను విడివిడిగా గీయుట మరియొక దోషము. కెమెరా రెప్పపాటులో వానిని స్తంభింపజేయును. మన కంటికి అది పలుచని చక్రమువలె కనబడును. ఫొటో చూచి గీసినవాడు తెలియకయే ఇంజనులను ఆపివేసినాడు.

రంగు సంగతి మరింత సున్నితము. కొన్ని పాత ఫిల్ములు ఎరుపును గ్రహింపలేక నలుపుగా చూపెడివి. అట్టి ఫొటోను నమ్మి ఎర్రచారను నల్లచారగా దిద్దిన చిత్రకారుని తప్పు పట్టవలెనా, ఫిల్మునా? తెలిసికొని వేయుట మాత్రము చిత్రకారుని పనియే. మెరుగుపెట్టిన అల్యూమినియమునకు "వెండిరంగు" పూయుటయు ఇట్టిదే. అద్దమునకు సొంత రంగు లేదు. పల్నాటి మిరపతోటలపై తక్కువ ఎత్తున పోవు డకోటాకు పైభాగమున ఆకాశపు నీలము, కడుపున నేల రంగు అంటును.

ఇంత చెప్పినందున, రివెట్టులు లెక్కపెట్టి గీయుటయే గొప్పయని నా అభిప్రాయము కాదు. ప్రతి మేకును దిద్ది, గాలిని, నీటిని విడిచిన చిత్రములు కర్మాగారపు పట్టికలవంటివి. ఫ్రాంక్ వూటన్ (1911–1998) అను ఆంగ్ల చిత్రకారుని విమాన చిత్రములు నిలుచుటకు కారణము ఆయన మేఘములు, నేల, వెలుగు. విమానము ఎచట ఎగురుచున్నదో ఆ చోటును ఆయన విమానమంత శ్రద్ధతో వేసినాడు. మరొకవంక, విమానపు ప్రక్కగోడను కోసి లోపలి గదులను చూపు ప్రకటన చిత్రములు కలవు. పైఅంతస్తున పైలట్లు, టపా సంచులు. క్రిందిఅంతస్తున కూర్చుండు గదులు, వంటగది. వానిలో కవిత్వము తక్కువ. కాని పైరమిడ్లను, ఖర్జూరచెట్లను చూపి ఊరించు చిత్రములకంటె అవి పాఠకునికి ఎక్కువ ఇచ్చును.

కళాకారునికి స్వేచ్ఛ లేదా అని అడుగుదురు. ఉన్నది. మేఘమును మార్చవచ్చును, ఎండను మార్చవచ్చును. బరువును మార్చు స్వేచ్ఛ ఎవరికిని లేదు.

కావున మాచవరము బాలునికి నా సలహా ఇది. సెల్‌ఫోను ప్రక్కన పెట్టి, పెద్దవారిని తోడు తీసికొని కృష్ణ ఒడ్డుకు పొమ్ము. జాలరి పుట్టి ఒకటి ఒడ్డున తేలుచుండగా చూడుము. ఒకడెక్కినపుడు అది ఎంత దిగినది, ఇద్దరెక్కినపుడు ఎంత, ఒకవైపు వాలినపుడు నీటిగీత ఎట్లు మారినది, వాటిని మాత్రమే గీయుము. ఆ గీత చేతికి వచ్చిననాడు నీవు కంటితో చూడని పడవ విమానమును గూడ నమ్మదగినట్లు గీయగలవు.