ప్రహణన ప్రకరణము: శిక్షణ, సమ్మతి విచారము

కామసూత్రమున సాంప్రయోగికాధికరణమందలి సప్తమాధ్యాయము ప్రహణన సీత్కార విషయకము. దీనిని పండితులు పాఠమునందు దాటిపోవుదురు. చరిత్రకారులు కుంతలుడగు శాతకర్ణి శాతవాహనుని పేరిందుండుటచే గ్రంథకాలనిర్ణయమునకై యొకసారి తెరచి, పని తీరినంతనే మూయుదురు. ఆ శాతవాహనుని చేతి దెబ్బకు మృతినొందిన మహాదేవి మలయవతిని గూర్చి యడిగినవారరుదు. ఆ ప్రశ్నయే నన్నీ ప్రకరణమునకు మరల దెచ్చినది.

పరస్పరానురాగము గల నాయికానాయకుల యెడ ప్రహారమును సుఖాంగముగా గ్రహించుటకు సూత్రకారుడు వెనుదీయలేదు. భుజములు, శిరస్సు, స్తనాంతరము, పృష్ఠము, జఘనము, పార్శ్వములు స్థానములనెను. అపహస్తకము, ప్రసృతకము, ముష్టి, సమతలకము విధములనెను. దాక్షిణాత్యులయందు కీల, కర్తరి, విద్ధ, సందంశిక యను మరి నాలుగు గలవని చెప్పి, యవి కష్టములనియు అనార్యవృత్తములనియు నిరాకరించెను. చోళరాజు కీలచే చిత్రసేన యను గణికను, శాతకర్ణి కర్తరిచే మలయవతిని జంపిరి. నరదేవుడు విద్ధను తప్పుగా ప్రయోగించి యొక నటిని ఒంటికంటిదానిని గావించెను.

ఈ మూడింటిని ఒక్కరాశిగా జూచుట పొరపాటు. నరదేవుని సూత్రకారుడే కుపాణి యనెను. అది చేతి లోపము. మలయవతి యస్వస్థతనుండి యప్పుడే లేచి బలము పుంజుకొననిదని జయమంగళ చెప్పుచున్నది. అది యెదుటివారి బలము నెరుగని లోపము. వేగాంధమైన గుర్రము త్రోవలోని గోతిని గాననట్లు రాగాంధులు అపాయమును గానరనియు, మార్దవమును, చండత్వమును, ఉభయుల బలమును ఎరిగి శాస్త్రవిదుడు ప్రయోగింపవలెననియు అధ్యాయాంతమున జెప్పుట యిందుకే. అయితే ఆ యెరుక నెచ్చట నేర్చుకొనవలెను? విద్యాసముద్దేశమున కన్యకు ధాత్రేయిక, సఖి, సమవయస్కయగు పినతల్లి, నమ్మదగిన వృద్ధదాసి, భిక్షుకి, అక్క ఆచార్యస్థానమున జెప్పబడిరి. పురుషునకు గ్రంథాధ్యయనమే! కొట్టువాడు తరచుగా పురుషుడే యైనపుడు చేతిని దిద్దు గురువతనికి లేకుండుట పెద్ద వెలితి యని నా తలంపు.

అంతకంటె చిక్కైనది మరియొకటి కలదు. ప్రహారవేళ పలుకు మాటలలో “అమ్మా” యనునట్టివియు, వారణార్థకములును, విడువుమనునవియు, చాలుననునవియు చేర్చబడినవి. వద్దనుటయు క్రీడయే యైనచో నిజముగా వద్దన్నపుడు తెలియుటెట్లు? వారించినను గాయపరచిన పురుషునకు రెట్టింపుగా మరల జేయుమని దశనచ్ఛేద్యమున స్త్రీకి జెప్పబడినది గాని, యది ప్రతీకారమే, నివారణము గాదు.

నేటి పాశ్చాత్యులలో ఇట్టి క్రీడ నవలంబించువా రీ ముడిని విప్పిరి. 1971లో న్యూయార్కున యూలెన్‌స్పీగెల్ సొసైటీయు, 1974లో శాన్‌ఫ్రాన్సిస్కోన సొసైటీ ఆఫ్ జేనస్ అను సంఘమును ఏర్పడినవి. అనుభవజ్ఞులు క్రొత్తవారికి నేర్పు పద్ధతి యట్టి గోష్ఠులలో బెరిగినది. క్రీడకు సంబంధము లేని పదమొకటి ముందుగా నిర్ణయించుకొందురు. అది పలికినంతనే చేయి నిలువవలెను. అప్పుడు తక్కిన “వద్దు”లన్నియు సరసములుగానే యుండవచ్చును. ఎచ్చట గొట్టరాదో మొదట నేర్పుదురు: శిరస్సు, వెన్నెముక, మూత్రపిండముల చోటు. సూత్రకారుని స్థానములలో కొన్ని యీ పరీక్షకు నిలువవు.

దేశాచారమైనను అపాయకరమైనది అచ్చటను వర్జ్యమని యతడే యనెను గనుక నీ సవరణ నతడు కాదనడనుకొందును. కర్తరికి స్థానము శిరస్సని యతడే చెప్పెను. ఆ శిరస్సే యతని సాధారణ స్థానములలోను నిలిచియున్నది.