సూపర్‌హీరోల వీడియో గేములు: నాయకౌచిత్య పరిశీలనము

వీరకథకు కాలమునుబట్టి రూపములు మారుచుండును. పురాణకాలక్షేపమున చెవితో విన్న వీరుని జనులు తోలుబొమ్మలాటలో తెరమీద చూచిరి. బయలాటలోను వీధిభాగవతములోను వేషము కట్టి యెదుట నిలువగా చూచిరి. చలనచిత్రమున ఆకాశమున నెగురుచుండగా చూచిరి. ఈ పరంపరలో వీడియో గేము కడపటిది. ఇందు ప్రేక్షకుడు చూచి యూరకుండడు. వీరుని తానే నడపును. వీరుడు చేయు పని ప్రేక్షకుని చేతిపనియే యగును. కథాకథనమున ఇది క్రొత్త శక్తి. శక్తి క్రొత్తదైనపుడు దాని దోషములును క్రొత్తవిగనే యుండును.

కృష్ణా తుంగభద్రల నడిమి రాయచూరు సీమలో, దేవదుర్గవంటి తాలూకా కేంద్రమున, ఇంట తెలుగును వీధిలో కన్నడమును మాటలాడు బాలురకు స్పైడర్‌మ్యానును బ్యాట్‌మ్యానును ఎవరును పరిచయము చేయనక్కరలేదు. ఖరీదైన యంత్రములు కొని యాడలేనివారు ఇతరులాడుచుండగా తీసిన వీడియోలనైనను సెల్‌ఫోనులో చూచుచున్నారు. తాతలకు సుందరకాండ యెట్టిదో మనుమలకు ఈ గేములట్టివి కాకపోవచ్చును గాని, బలవంతుడనగా నెవడు, బలమును దేనికి వినియోగింపవలెను అను ప్రశ్నలకు బాలురు సమాధానములు వెదకుకొను చోటులలో నివి చేరినవి. కావున వీని గుణదోష విచారణము పిల్లకాయల వ్యవహారమని త్రోసివేయదగినది కాదు.

సూపర్‌మ్యాన్ 1938లోను, బ్యాట్‌మ్యాన్ 1939లోను, స్పైడర్‌మ్యాన్ 1962లోను అమెరికాలోని కామిక్సు పుస్తకములలో జన్మించిరి. 1979లో అటారీ కంపెనీ యంత్రముపై సూపర్‌మ్యాన్ గేము వెలువడుటతో ఈ శాఖకు ప్రారంభమైనదని చెప్పవచ్చును. 1982లో స్పైడర్‌మ్యాన్ ఆ యంత్రముపైకే వచ్చెను. ఆనాటి బొమ్మలు కొన్ని రంగుగళ్ల కూర్పులే. ఐనను ఆ గేములో వీరుడు దారము విసరి భవనము నెక్కవలెను; దారము భవనమునకు తగులనిచో క్రిందపడవలసినదే. గళ్లబొమ్మయైనను అది స్పైడర్‌మ్యానే యని గుర్తింపజేయునది ఈ యొక్క నియమమే. 1992లో కొనామీ సంస్థవారి ఎక్స్‌మెన్ గేము ఆటశాలలలో ఆరుగురు ప్రక్కప్రక్కన నిలిచి యొకేసారి యాడునట్లు నిర్మింపబడెను. ఆ కథ బృందముయొక్క కథ. ఆటయు బృందముయొక్క ఆటయే. వస్తువునకును రూపమునకును అట్టి పొందిక ఆనాడే కుదిరినది.

ఇట్టి రచనలను తూచుటకు త్రాసు ఏది? ధనంజయుడు దశరూపకమున రూపకభేదమునకు వస్తువు, నేత, రసము అను మూడింటిని ఆధారముగా జెప్పెను. క్షేమేంద్రుడు ఔచిత్యమును రససిద్ధమైన కావ్యమునకు ప్రాణమనెను. ఈ ప్రమాణములు గేమునకును చెల్లును. ఒక్క భేదము మాత్రము గమనింపవలెను. నాటకమున వాచికాభినయములచేత పోషింపబడు రసము గేమునందు క్రియచేత పోషింపబడవలెను. ఆటగాని వ్రేలు చేయు పని నాయకుని స్వభావమునకు తగియున్నచో ఔచిత్యము; లేనిచో అనౌచిత్యము. దీనికి సులభమైన పరీక్ష యొకటి కలదు. గేములోని నాయకుని పేరును వేషమును మార్చిచూడవలెను. మార్చినను ఆట చెక్కుచెదరక నడచినచో, ఆ నాయకుడు ఆటలో లేడు, అట్టమీద మాత్రమే యున్నాడని తెలియవలెను.

ఈ పరీక్షకు నిలిచిన రచనలు లేకపోలేదు. 2004లో ట్రేయార్క్ సంస్థ నిర్మించిన స్పైడర్‌మ్యాన్ 2 గేమునందు దారము నిజముగా భవనమునకే తగులుకొనును. ఊపు, ఎత్తు, వేగము ఆటగాడు నేర్చుకొనవలసిన విద్యలు. అంతకన్న చక్కని విషయము, ఆ వీరుడు నడుమ నడుమ పిజ్జాలు చేరవేయవలెను. అటు నగరరక్షణము, ఇటు పొట్టకూడు. ఈ రెండింటి పెనుగులాటయే పీటర్ పార్కర్ కథ. 2005లో రాడికల్ సంస్థవారి హల్కు గేములో వీరుడు కారును చీల్చి చేతులకు తొడుగుకొని కొట్టును. అది రౌద్రమునకు తగిన క్రియ. 2009లో లండనులోని రాక్‌స్టెడీ సంస్థ నిర్మించిన బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ అసైలమ్ ఈ శాఖకు శిఖరమని పలువురి యభిప్రాయము. ఒక్క దీవి, ఒక్క రాత్రి. బ్యాట్‌మ్యాన్ తుపాకి గుండుకు తట్టుకొనలేడు, శత్రువును చంపడు. కనుక చీకటిలో పొంచియుండి యొక్కొక్కని లొంగదీయవలెను. ఆటగాడు దాగియుండగా శత్రువుల భయము క్రమక్రమముగా పెరుగుచుండును. వీరమునకు భయానకము అంగమైన తీరు ఇచట స్పష్టము. ఈ మూడింటను నాయకుని గొప్పతనము అతని బలమునుండికాక, బలమునకు గల హద్దునుండి పుట్టినదని గ్రహింపవలెను.

హద్దులేని బలమును ఆటగా మలచుట కష్టమనుటకు సూపర్‌మ్యాన్ గేములే సాక్ష్యము. 1999లో నింటెండో 64 యంత్రమునకు వచ్చిన గేములో లోకైకవీరుడు ఆకాశమున కట్టిన వలయములగుండ దూరుచుండవలెను. సర్కసు జంతువునకు తగిన పని సూపర్‌మ్యానునకు పట్టినది. అది నేటికిని ఈ శాఖలో హీనరచనకు ఉదాహరణముగా చెప్పబడుచున్నది. 2006 నాటి సూపర్‌మ్యాన్ రిటర్న్స్ గేములో మాత్రము ఒక మంచి యాలోచన కనబడును. అందు వీరునకు గాయము తగులదు; నగరమునకు తగులును. నగరము నశించినచో వీరుడోడినట్లే. రాజు బలము రాజ్యక్షేమముచేత కొలువబడునను భావమిది. మిగిలిన నిర్మాణము దానికి తగినట్లు లేకపోవుటచేత ఆ బీజము మొలకెత్తలేదు.

తరువాత చలనచిత్రముల వెంబడి గేములు పుట్టు కాలము వచ్చెను. 2008లో ఐరన్ మ్యాన్, 2011లో థోర్ మున్నగునవి సినిమా తేదీకి సిద్ధము కావలసినవి. పెండ్లిముహూర్తమునకు వంట కావలెను గాని, వంట పండినదాక ముహూర్తమాగదు గదా. ఇవి చాలవరకు ఉడికియుడకనివిగా వడ్డింపబడినవి. ఐనను అవి పేలవములైనను కపటములు కావు. కాలము చాలక చెడినవి.

ఇటీవలి క్షీణత మరియొక జాతికి చెందినది. 2020లో స్క్వేర్ ఎనిక్స్ సంస్థ ప్రచురించిన మార్వెల్స్ అవెంజర్స్ గేములో కమలా ఖాన్ అను బాలిక కథ హృద్యముగా నారంభమగును. కథ ముగిసిన పిమ్మట మిగులునది అంతులేని పునరుక్తి. ఒకే తీరు శాలలలో ఒకే తీరు యంత్రభటులను కొట్టుట, వారినుండి రాలు సామగ్రి నేరుకొనుట, ఆ సామగ్రి యంకెలను పెంచుకొనుట. హల్కునకును బ్లాక్ విడోకును ఈ బేరమున భేదము స్వల్పము. సొమ్మునకు అలంకారములను మాత్రమే విక్రయింతుమని మొదట చెప్పిన నిర్మాతలు 2021లో ఎదుగుదలను త్వరపరచు వస్తువులను గూడ విక్రయమునకు పెట్టి, ఆటగాండ్ర ఆగ్రహము చూచి కొలదివారములలో ఉపసంహరించుకొనిరి. 2023 సెప్టెంబరు 30తో ఆ గేమునకు పోషణ నిలిచి, అమ్మకమును ఆగిపోయెను.

2024 ఫిబ్రవరిలో వచ్చిన సూయిసైడ్ స్క్వాడ్: కిల్ ది జస్టిస్ లీగ్ మరింత విచారకరము. దీనిని నిర్మించినది ఆర్ఖమ్ కథలను చెప్పిన రాక్‌స్టెడీయే. 2015 నాటి ఆర్ఖమ్ నైట్ తరువాత తొమ్మిదేండ్లకు వారినుండి వచ్చిన రచన యిది. సొరచేప రూపముగల కింగ్ షార్కునకును, బూమరాంగు విసరుటయే బిరుదుగా గల బూమరాంగునకును, కర్రతో కొట్టు హార్లీ క్విన్‌కును ప్రధానాయుధము తుపాకియే. పేరు మార్పు పరీక్షకు ఇంతకన్న స్పష్టమైన యోటమి లేదు. చీకటియే కవచముగా బ్రతికిన బ్యాట్‌మ్యానును ఒక బల్లమీద కూర్చుండబెట్టి తుపాకితో కాల్చివేసిన ఘట్టము పాఠకులకు రోత పుట్టించెను. 1992నుండి ఆ పాత్రకు గళమిచ్చిన కెవిన్ కాన్‌రాయ్ 2022లో మరణించియుండుటచేత ఆ ఘట్టము మరింత నొప్పించినది. నాయకవధ కావ్యమున నిషిద్ధమని కాదు. వధకు తగిన గాంభీర్యము, కారణము ఉండవలెను. 2025 జనవరిలో వచ్చిన తుదిభాగమున చచ్చినది నిజమైన వీరుడు కాడని తేల్చి కథను సరిపెట్టిరి. ఈ గేము మూలమున వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ సంస్థ 20 కోట్ల డాలర్ల నష్టమును లెక్కలో చూపెను.

ఇచట ఆనందవర్ధనుని దోషవిభాగము జ్ఞప్తికి రాక మానదు. వ్యుత్పత్తి లేమివలన గలుగు దోషము కవిశక్తిచేత కప్పువడుననియు, శక్తి లేమివలన గలుగు దోషము వెంటనే కంటబడుననియు అతని మతము. 1999 నాటి సూపర్‌మ్యాన్ గేము అశక్తికృతదోషమునకు లక్ష్యము. కాని సూయిసైడ్ స్క్వాడ్ నిర్మాతలకు శక్తి కొఱత యనుటకు వీలులేదు. ఆర్ఖమ్ అసైలమ్ వారి చేతిదే. వ్యుత్పత్తి కొఱతయు కాదు. ఆ పాత్రల నెరిగినవారిలో వారు ప్రథములు. కనుక ఆనందవర్ధనుడు చెప్పని మూడవ దోషము నొకదానిని చేర్చుకొనవలసియున్నది. దానిని లోభకృతదోషమనవచ్చును. హరికథకుడు కథాంతమున హారతిపళ్లెము త్రిప్పుట సంప్రదాయము, అందు తప్పులేదు. ఘట్టఘట్టమునకు పళ్లెము త్రిప్పుచు, పళ్లెము నిండుచున్నంతకాలము కథను ముగింపననువాడు కథకుడు కాడు. వానికి రాముడైనను రావణుడైనను నొకటే. సభ లేచిపోకుండుటయే కావలెను. ముగింపులేని ఆటలో వీరుని ప్రతిజ్ఞ కెన్నడును నెరవేరుట లేదు. నెరవేరని ప్రతిజ్ఞ వీరరసమును పోషింపజాలదు.

ఈ నిర్ణయమునకు ఆక్షేపణ రావచ్చును. 2018లోను 2023లోను ఇన్సోమ్నియాక్ సంస్థ వెలువరించిన స్పైడర్‌మ్యాన్ గేములు ఉత్తమములు కావా? 2021 నాటి గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ హాస్యకరుణములను చక్కగా పోషింపలేదా? నిజమే. క్షీణత సర్వవ్యాప్తమని చెప్పరాదు. కాని ఆ యుదాహరణములే రోగమూలమును చూపుచున్నవి. గార్డియన్స్ గేము విమర్శకుల మెప్పు పొందియు ప్రచురణకర్తలు తలచినంత అమ్ముడు పోలేదు. 2023 నాటి స్పైడర్‌మ్యాన్ 2నకు 30 కోట్ల డాలర్లకు మించి వ్యయమైనదని ఆ యేడు డిసెంబరులో బయటపడిన పత్రములు తెలిపినవి. ఇంత మూలధనము పెట్టినవాడు ఒక్కసారి అమ్మి ఊరకుండుటకు జంకును. నిత్యము అమ్ముటకు దారి వెదకును. చలనచిత్రములవలెనే ఇచటను వ్యయము పెరిగినకొలది సాహసము తరుగుచున్నది. అప్పుడు నాయకుడు కథకు నేత కాక సరకునకు ముద్ర యగును.

ఈ విచారము తెలుగునాటికిని తగులును. హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ సంస్థ నిర్మించిన హనుమాన్: బాయ్ వారియర్ గేమును 2009లో సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2 యంత్రమునకు విడుదల చేసెను. భారతదేశముననే పూర్తిగా తయారైన గేమని దానికి ప్రసిద్ధి. దైవమును ఆటగాని చేతికిచ్చుట అపచారమని అమెరికాలోని ఒక హిందూ సంస్థ ఆక్షేపించెను. ఈ యాక్షేపణకు తోలుబొమ్మలాటయే సమాధానము. అచట హనుమంతుని చేతులు కాళ్లు ఆడించునది మనుష్యహస్తమే. భక్తి కించిత్తును తగ్గలేదు. తప్పు వేరొకచోట నున్నది. పరుగు, దుముకు, దెబ్బ అను సామాన్యక్రియలకు హనుమంతుడే యేల? అతని కథలో ఆటకు తగిన అపూర్వమైన హద్దు కలదు. ఋషిశాపముచేత తన బలమును తాను మరచుట, జాంబవంతుడు జ్ఞాపకము చేయగా పెరుగుట. మరచిన బలమును ఇతరుల మాటచేత తెలిసికొనుట కన్న మిన్నయైన ఆటసూత్రము ఏ కామిక్సు పుస్తకమున కలదు? కిష్కింధయని జనులు నమ్ము ఆనెగొంది ప్రాంతము ఒకప్పుడు రాయచూరు జిల్లాలోనిదే. నేడు కొప్పళ జిల్లాలో చేరినది. ఆ కొండల నీడలో పెరుగు బాలురకు ఈ సూత్రము విప్పిచెప్పనక్కరలేదు. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టియైన ఛోటా భీమ్ 2008నుండి టెలివిజనులో ప్రసిద్ధుడు. ఆ పేరుతో వచ్చిన ఫోను గేములలో పరుగుపందెములు, బండిపందెములు కలవు. భీముని దింపి వేరొకని బండి నెక్కించినను పందెము పందెమే.

భాషవిషయము మరింత శోచనీయము. సూపర్‌హీరోల చలనచిత్రములు తెలుగులో మాటలాడుచున్నవి. 2018లో అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్ చిత్రమున థానోస్ పాత్రకు రానా దగ్గుబాటి తెలుగు గళమిచ్చెను. కాని పైన పరిశీలించిన అమెరికా వీరుల ప్రసిద్ధ గేములలో తెలుగు పలుకు వినబడదు. దేవదుర్గ బాలుడు బడిలో కన్నడముతోను, ఇంట తెలుగుతోను వీరుల కథలు వినుచు, వీరుని తాను నడపు వేళకు మాత్రము మూడవ భాషలోనికి పోవలసివచ్చుచున్నది. వినుటకు ఒక భాష, చేయుటకు వేరొక భాష యైనచో మాతృభాష క్రమముగా జ్ఞాపకములకు మాత్రమే మిగులును. ఎల్లకు ఆవలనున్న తెలుగువారికి ఇది చిన్న నష్టము కాదు.

కావున తల్లిదండ్రులును ఉపాధ్యాయులును గేములను గంపగుత్తగా నిందించుటకన్న, వీనిని విమర్శించు విద్యను బాలురకు నేర్పుట మేలు. నాయకుని పేరు మార్చిన ఆట మారునా? అతని బలమునకు హద్దు ఏది? కథ కెచటనైనను ముగింపు కలదా? పళ్లెము ఎన్ని మారులు త్రిప్పుచున్నారు? ఈ నాలుగు ప్రశ్నలు ఏడవ తరగతి విద్యార్థియు అడుగగలడు. పద్యమును విడదీసి అర్థము చెప్పుకొను పిల్లవాడు ఆటను విడదీసి చూచుటకు జంకడు. నిర్మాణకుశలురు హైదరాబాదులో నున్నారు, కథలు కృష్ణకు ఇరుదెసలను ఉన్నవి. కావలసినది ఆ కథలలోని నాయకుని స్వభావమును ఆటసూత్రముగా గ్రహించు దృష్టి, వానిచేత తెలుగు పలికించు సంకల్పము. ఆ రెండును కుదిరిననాడు తెలుగు బాలుడు తన వ్రేలితో నడపు వీరుడు తన భాషలో బదులు చెప్పును.