నీళ్లకు దారి వదలండి

కార్పెట్ అంచు పట్టుకుని లాగితే దానితోపాటు తుప్పు రేకులు పెచ్చులుగా లేచి వచ్చాయి. మా జీపు 1972 మోడల్ మహీంద్రా సీజే-3బీ. ముచ్చటపడి లోపలంతా జిగురుతో కార్పెట్ అంటించి రెండేళ్లే అయింది. అడుగు రేకు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చాలు, కిందికి దిగిపోయింది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. మా గిలకలదిండి సముద్రపు గాలిలోని ఆ ఉప్పు కార్పెట్‌లోకి చేరిందంటే ఎండల్లోనూ ఓ పట్టాన ఆరదు. కిటికీ ఊచలకు ఏటా రంగు వేసుకునే నేను జీపు అడుగు సంగతి మరిచిపోయాను.

రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. వాటిలో కార్పెట్ ఊసే లేదు. ఉన్నదల్లా వట్టి రేకు, కాన్వాస్ సీట్లు, చేరిన నీళ్లు పోవడానికి అడుగున రంధ్రం. మహీంద్రా జీపులది ఆ వంశమే. ఈసారి లోపలి పని మళ్లీ మొదలుపెట్టే ముందు హార్బర్‌కు వెళ్లాను. ఒడ్డుకు లాగిన చెక్కబోటు బాగుచేస్తున్న వడ్రంగి మేస్త్రి అడుగు పలక ఒకటి చేత్తో ఎత్తి చూపించారు.

“వీటికి మేకులు కొట్టమండి. ఎత్తాలి, నీళ్లు తోడాలి, మళ్లీ పరవాలి. కొట్టేస్తే కింద ఏం జరుగుతుందో మీకెలా తెలుస్తదండీ?”

ఆ మాట పట్టుకునే పనంతా చేశాను. కుళ్లిన రేకు కోయించి కొత్తది వెల్డింగ్ పెట్టించి, ప్రైమర్, రంగు వేయించాను. పైన అల్యూమినియం గళ్ల రేకు వేయమన్నవాళ్లు ఉన్నారు. ఇనుమూ అల్యూమినియమూ ఆనుకున్నచోట ఉప్పునీరు చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే టేకు పలకలకే మొగ్గాను.

అట్టపెట్టె విప్పి నమూనా కోయడానికే రెండు రోజులు పట్టింది. ఈ జీపులో గేరు రాడ్డు కాక నాలుగు చక్రాలకూ ఊపు ఇవ్వడానికి ఒకటి, హై-లో మార్చడానికి ఇంకొకటి, మొత్తం మూడు రాడ్లు. న్యూట్రల్‌లో పెట్టి కొలత తీసి కోస్తే, రివర్స్ వేసేసరికి రాడ్డు అట్టకు తగిలింది. అప్పుడు ఒక్కొక్క గేరూ వేసి, రాడ్డు ఎంతవరకు వస్తుందో అంతవరకూ పెన్సిల్‌తో గీసి, వేలెడు ఎడం వదిలి కోశాను. పలక పలకకూ మధ్య సందు ఉంచాను. కింద రబ్బరు వాషర్లు పెట్టాను. డ్రిల్ వేసిన ప్రతి రంధ్రం అంచుకూ కుంచెతో రంగు పూశాకే బోల్టు బిగించాను. ఆ అరగంట పనికి బద్ధకిస్తే తుప్పు మొదలయ్యేది అక్కడే.

సీట్లకు పెడన కలంకారీ గుడ్డ కుట్టించాలని ఆశపడ్డాను. నూలుగుడ్డ ఈ చెమ్మకు బూజు పడుతుంది. అంత చేతిపనిని బూజుకు అప్పగించడానికి మనసొప్పలేదు. రెగ్జిన్‌తో సరిపెట్టుకున్నాను. మెత్తటి కారు సీట్లు కూడా పెట్టలేదు. డ్రైవర్ సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉంది, ఎత్తు పెరిగితే స్టీరింగు తొడలకు ఒరుసుకుంటుంది.

వెల్డింగ్ పెట్టించిన అడుగు రేకు తప్ప కొత్తగా పెట్టినవన్నీ బోల్టు విప్పితే ఊడివస్తాయి. యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదని 2021లో కేంద్రం నిబంధన పెట్టింది. నిబంధన లేకపోయినా, మన తర్వాత ఆ జీపు తీసుకునేవారికి అసలు బాడీ దక్కాలి.

మీ ఇంట్లో పాత జీపు ఉంటే ఈ ఆదివారం లోపలి పట్టా ఒకసారి ఎత్తి చూడండి. చెయ్యి పెడితే తడి తగిలిందా, మళ్లీ పరవకండి.