కారు పేరు ఎట్ల పలకాల?

పోయిన నెల మా తెలుగు పీరియడులో ఒక వాదోపవాదం జరిగింది. "విదేశీ కార్ల పేర్లను ఆయా దేశాల వాళ్లు పలికినట్లే మనమూ పలకాలి" అనేది విషయం. పదో తరగతి పిల్లలం రెండు జట్లయినాము. నేను "పలకాలి" అనే జట్టులో మాట్లాడినాను. మా జట్టే గెలిచిందని అయ్యవారు చెప్పినారు. చప్పట్లు బాగానే పడినాయి. అయినా ఆ రోజు రెండు జట్లూ చెప్పిన మాటల్లో తప్పులున్నాయని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. గెలిచిన జట్టు నాదే కాబట్టి ముందు నా మాటలనే విమర్శిస్తాను.

నేను చెప్పింది ఇది. ఫ్రాన్సు కంపెనీ పేరును మనం రెనాల్ట్ అంటాము. వాళ్ల భాషలో చివర ఉండే ఎల్, టి అక్షరాలను పలకరు. అది రనో. జర్మనీ కారును పోర్ష్ అంటాము. అది ఫెర్డినాండ్ పోర్షె అనే ఇంజనీరు ఇంటిపేరు, చివర ఎకారం వినపడాలి. వోక్స్‌వ్యాగన్ అంటాము. జర్మన్ భాషలో వి అక్షరాన్ని ఫ లాగ, డబ్ల్యూ అక్షరాన్ని వ లాగ పలుకుతారు కాబట్టి అది ఫోల్క్స్‌వాగెన్, అంటే జనం బండి. చెక్ దేశపు స్కోడా అసలు ష్కొడ. వాళ్లు ఎస్ అక్షరం నెత్తిన చిన్న గుర్తు పెడితే అది ష అవుతుంది. "వీటిలో చాలా వరకు మనుషుల పేర్లే. మనిషి పేరును సరిగ్గా పలకడం మర్యాద" అని ముగించినాను.

ఈ వివరాల్లో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, ప్రతి పేరుకూ అసలైన పలుకు ఒక్కటే ఉంటుందని నేను అనుకోవడం. సిట్రోయెన్‌ను చూడండి. ఆ కంపెనీ పెట్టిన ఆంద్రే సిట్రోయెన్ పూర్వికులు డచ్చి వాళ్లు. డచ్చి భాషలో ఆ మాటను సిత్రూన్ అంటారు, నిమ్మపండు అని అర్థం. కుటుంబం ప్యారిస్ చేరినాక ఇ అక్షరం మీద రెండు చుక్కలు పెట్టుకుని సిత్రొఎన్ అయినారు. మరి ఏది అసలు? టొయోటా కథా ఇంతే. ఆ కుటుంబం ఇంటిపేరు తొయొద. 1936లో కంపెనీవాళ్లే దాన్ని తొయొత అని మార్చుకున్నారు. జపాన్ లిపిలో అట్ల రాస్తే ఎనిమిది గీతలు వస్తాయి, ఎనిమిది వాళ్లకు మంచి సంఖ్య.

అన్నిటికంటే హ్యుందాయ్ నా వాదాన్ని బాగా దెబ్బ తీస్తుంది. కొరియా భాషలో అది హ్యొన్‌దే, ఆధునికం అని అర్థం. అమెరికాలో సండే అన్నట్టు హండే అంటారు. ఇంగ్లండులో ఏండ్ల తరబడి హయండై అన్నారు, కంపెనీ కూడా ఊరుకుంది. చివరికి 2023లో ఆ కంపెనీయే అక్కడ ప్రకటన వేసి, కొరియా పలుకుకు దగ్గరగా పలకండని చెప్పింది. మన చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 1998 నుంచి ఆ కార్లు తయారవుతున్నాయి. మనం హ్యుందాయ్ అనే అంటున్నాము, బండ్లూ తిరుగుతున్నాయి. సొంతదారుడే దేశానికొక పలుకును ఒప్పుకుంటే, పక్కవాడి నోటిని తప్పు పట్టడానికి నాకేమి హక్కు?

ఇంక రెండో జట్టు మాట. వాళ్ల నాయకుడు నా స్నేహితుడే. "మన నాలుకకు ఎట్ల తిరిగితే అట్ల పలకచ్చు. ఆ పరాయి పలుకులు తెలుగు నోటికి రావు" అన్నాడు. అందరూ తలలూపినారు. కానీ ఇది పరీక్షకు నిలవదు. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయని మనం వ్యాకరణంలో చదువుకున్నాము. రనో, పోర్షె, ష్కొడ, తొయొత, అన్నీ అచ్చుతో ముగిసేవే. రెనాల్ట్ చివర ఉన్న ల్ట్ కంటే రనో మన నోటికి సులువు. అంటే మనకు కష్టం తెచ్చింది ఫ్రెంచి పలుకు కాదు, ఇంగ్లీషు అక్షరాలు. మనం పేరును చెవితో వినకుండా, ఇంగ్లీషు స్పెల్లింగును కంటితో చదివి, దానికి తెలుగు అక్షరాలు తొడిగినాము. దాన్ని తెలుగు నాలుక తప్పు అనడం న్యాయం కాదు.

దీనికి మంచి ఉదాహరణ ఇంకొక జర్మనీ కారు. తెలుగు పత్రికల్లో దాన్ని ఆడి అని రాస్తారు. చిన్నప్పుడు మొదటిసారి "ఆడి కారు" అని చదివి, ఆడి నెల తళ్లుబడిలో అమ్మే కారేమో అనుకున్నాను. తమిళనాడులో పెరిగినవాడికి ఇంకేమి తోస్తుంది? జర్మన్లు దాన్ని ఔడి అంటారు. ఒకటో తరగతిలో ఔషధం అని దిద్దినాక మనం పెద్దగా పట్టించుకోని ఔ అక్షరం సరిగ్గా ఇక్కడ అతుకుతుంది. ఇంగ్లీషువాళ్లకు ఆ ధ్వనికి ఒక్క అక్షరం లేదు, మనకు ఉంది. ఉన్న అక్షరాన్ని వాడకుండా లేనివాడి దారిలో పోవడం ఎందుకు? ఈ పేరు వెనక కథ మన పిల్లలకు నచ్చుతుంది. ఔగుస్ట్ హోర్ఖ్ అనే ఆయన తాను పెట్టిన కంపెనీ నుంచి బయటికొచ్చి 1909లో ఇంకొకటి పెట్టినాడు. తన పేరు తానే వాడుకోకూడదని కోర్టులో తేలింది. పేరు కోసం పెద్దవాళ్లు తలలు పట్టుకుని ఉంటే, అదే గదిలో లాటిన్ పాఠం చదువుకుంటున్న స్నేహితుడి కొడుకు "ఔడి" అని అందించినాడు. జర్మన్‌లో హోర్ఖ్ అన్నా, లాటిన్‌లో ఔడి అన్నా అర్థం ఒకటే: విను.

అయితే మన అక్షరాలకు అన్నీ వస్తాయని నేను గొప్పలు పోను. పెజో అనే ఫ్రెంచి పేరులోని మొదటి అచ్చు, ఆ జ, రెండూ మన లిపిలో సరిగ్గా కుదరవు. దగ్గరగా రాస్తే చాలు. తమిళంలో ట, డ రెంటికీ అక్షరం ఒకటే, చోటును బట్టి చదువుకుంటారు. నా తమిళ స్నేహితులు ఆ లిపిలోనే కారు పేర్లు చదివి బాగానే పలుకుతారు. లిపి కొంత సాయం చేస్తుంది, మిగతాది చెవి చేయాల.

ఇప్పుడు ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో చెబుతాను. మా నాయనకు హోసూరులో చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. వాదోపవాదం గెలిచిన మరుసటి రోజు ఆదివారం, నేను షెడ్డులో ఉండాను. ఒకాయన ఆయిల్ మార్చమని కారు తెచ్చినాడు. నాయన "రెనాల్టా అన్నా, అర్ధ గంట పడుతుంది" అన్నాడు. నేను గమ్మున ఉండలేక "రెనాల్ట్ కాదు నాయనా, రనో" అన్నాను. వచ్చినాయన పకపకా నవ్వి, "కొడుకును చూసి నేర్చుకోప్పా" అన్నాడు. నాయన ఏమీ మాట్లాడలేదు. బండి కింద దూరి పని చేసుకున్నాడు.

రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం అడిగినాడు. "పార్టుల అంగడికి పోయి రనో ఫిల్టరు ఇయ్యి అంటే ఎవురిస్తారురా? పేరు అనేది ఎదుటివాడికి తెలిసేదానికే కదా ఉండేది?" నా దగ్గర జవాబు లేదు. తరగతిలో రెండు జట్లలో ఒక్కరమూ ఈ మాట చెప్పలేదు. కారును రోజూ చేత్తో పట్టుకునేవాళ్ల మాటను మేము లెక్కలోకే తీసుకోలేదు. మా వాదోపవాదం మీద నా పెద్ద విమర్శ ఇదే.

ఆ రాత్రి ఇంకొకటి గుర్తొచ్చింది. సెలవులకు చిత్తూరు దాటి అవతల మా చుట్టాల ఇంటికి పోయినప్పుడు, మా అవ్వ "ఈడ ఎండ జాస్తిగా ఉండాది" అంటే అక్కడి పిల్లలు నవ్వినారు. "మీది అరవ తెలుగు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. తరతరాలుగా ఇక్కడ మాట్లాడుకునే తెలుగును వాళ్లు తప్పు అన్నారు. మరి నేను షెడ్డులో మా నాయనకు చేసింది ఏమిటి? మన ఊరినే చూడండి. కన్నడంలో హొస అంటే కొత్త, అందుకని హోసూరు. తమిళంలో బస్సు మీద ఓసూర్ అని రాసి ఉంటుంది. ఆ హ లేదని మనం ఎవరమూ బస్సు దిగిపోలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇట్ల మార్చుకున్నాను. నలిగి స్థిరపడిన పేర్లను కదిలించొద్దు. బెంజి, టొయోటా, హ్యుందాయ్ అట్లే ఉండనీ. కొత్తగా వచ్చే పేరును తెలుగులో మొదటిసారి రాసేవాళ్లు మాత్రం, పత్రికలవాళ్లయినా ప్రకటనలవాళ్లయినా, ఇంగ్లీషు స్పెల్లింగును చూసి రాయకుండా ఒకసారి విని రాయాల. పెనుకొండలో తయారయ్యే కియా పేరు విని రాసినట్టే ఉంది, దాని మీద ఎవరికీ గొడవ లేదు. ఇంక అసలు పలుకు తెలిసినవాళ్లు దాన్ని అడిగినవాళ్లకు చెప్పాలే గాని, నలుగురి ముందర ఒకరిని చిన్నబుచ్చేదానికి వాడకూడదు.

నాయనకు క్షమించమని నేను నోరు తెరిచి చెప్పలేదు. మొన్న మాత్రం పార్టుల అంగడికి తోడుపోయినాను. నాయన అంగడాయనతో "రెనాల్టు ఫిల్టరు ఒకటి ఇయ్యి" అన్నాడు. తర్వాత నా పక్క చూసి, "మా వాడు రనో అంటాడులే" అని నవ్వినాడు. అంగడాయన "అట్లనా?" అని ఇంకోసారి పలికించుకున్నాడు.