జెండాలు నేలమీద పెట్టిన రోజు

విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవ వీరుల్ని చూపించే తిక్కన పద్యం మాలో చాలామందికి పుస్తకంలోంచి రాలేదు, ‘నర్తనశాల’ సినిమాలోంచి వచ్చింది. గుడివాడ వాళ్లకైతే మరీను, ఎన్టీఆర్ ఊరు నిమ్మకూరు మాకు దగ్గరే కదా. బంగారు వేదిక ఉన్న జెండా ద్రోణుడిది, సింహం తోక అశ్వత్థామది, ఎద్దు కృపుడిది, శంఖం కర్ణుడిది, పాము దుర్యోధనుడిది, తాడిచెట్టు భీష్ముడిది. చిన్నప్పుడు నాకు అదంతా ఘంటసాల గొంతు మాత్రమే. ముప్పై దాటి, 28 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలకి రంగులు వేయడం మొదలెట్టాక తెలిసింది, అది మా ఆటకి కావలసిన చార్టు అని. జెండా గుర్తుపట్టకపోతే ఎవరి మీద బాణం వెయ్యాలో తెలియదు.

ఆ ఆట పేరు మినియేచర్ వార్‌గేమింగ్. పాత యుద్ధాన్ని భోజనాల బల్ల మీద, పాచికలతో, స్కేలుతో మళ్లీ ఆడటం. ఆడేది తక్కువ, వెతికేది ఎక్కువ. కోటు చేతి మడత ఏ రంగు, జెండా ఎంత పొడవు, తలపాగా ఎటు చుట్టారు అని రాత్రి ఒంటిగంట దాకా కూచుంటాం. నెపోలియన్ సైన్యాలకైతే బొత్తాల లెక్క కూడా దొరుకుతుంది. నేను ఎంచుకున్నది మన కోస్తాలో 1758-59లో జరిగిన ఇంగ్లీషు-ఫ్రెంచి యుద్ధం. దాంతో నా రీసెర్చి చివరికి ఒక్క పుస్తకం చుట్టూ తిరిగింది. రాబర్ట్ ఆర్మ్ అనే మద్రాసు కౌన్సిల్ ఉద్యోగి రాసిన కంపెనీ యుద్ధాల చరిత్ర, 1778లో వచ్చిన రెండో సంపుటం.

ఆర్మ్‌ని చరిత్రకారులు వనరుగా వాడుకుంటారు. నాకు అతను రచయితగా నచ్చాడు. పిఠాపురం పక్కన చందుర్తి దగ్గర (ఇంగ్లీషు పుస్తకాల్లో ‘కాండోర్’) 1758 డిసెంబరులో జరిగిన యుద్ధం చూడండి. కల్నల్ ఫోర్డ్ కలకత్తా నుంచి ఓడల్లో విశాఖపట్నం వచ్చి, విజయనగరం ఆనంద గజపతితో కలిసి, కాన్‌ఫ్లాన్స్ నడిపే ఫ్రెంచి సైన్యాన్ని ఎదుర్కొన్నాడు. ఫోర్డ్ తెల్ల సైనికులు మధ్యలో, సిపాయిలు రెండు పక్కలా. మధ్యవాళ్ల ముందు మనిషిని మింగేసేంత ఎత్తు చేను. ఆర్మ్ దాన్ని ‘ఇండియన్ కార్న్’ అన్నాడు. మొక్కజొన్నో, మన జొన్నో, నేను మాత్రం జొన్నే అనుకుని చీపురు పుల్లలు నాటాను. తెల్లవాళ్లు ఆ చేను వెనక కనపడకుండా పోయారు. బయట కనపడుతున్నది ఎర్ర కోట్లు వేసుకున్న బెంగాలు సిపాయిలు.

ఇక్కడ ఆర్మ్ ఒక చిన్న సంగతి రాస్తాడు. ఫోర్డ్ తన సిపాయిల జెండాలు చుట్టేసి నేలమీద పెట్టించాడట. పెద్ద జెండాతో పాటు ఒక్కో కంపెనీకి ఇంకా చిన్న చిన్న జెండాలు ఉంటాయి, అవన్నీ కూడా. ఎందుకలా చేయించాడో ఆర్మ్ కూడా చెప్పలేకపోయాడు. జెండాలు లేని ఎర్ర కోట్లని చూసి, ఇంగ్లీషువాళ్లు వీళ్లేనని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీదికి వెళ్లారు. సిపాయిల వరస విరిగింది. తరుముకుంటూ పోయి ఫ్రెంచి వరస చెదిరేసరికి, అసలు ఇంగ్లీషు పటాలం చేను పక్కనుంచి బయటికొచ్చింది. యుద్ధం అక్కడే తేలిపోయింది.

ఇంత చక్కగా చూసిన మనిషి ఆ చిన్న జెండాల రంగు మాత్రం రాయలేదు. ఒక్క విశేషణం చాలేది నాకు.

ఆ సిపాయిలు ఎవరు అన్నది ఇంకో కథ. 1756 చివర్లో క్లైవ్ మద్రాసు నుంచి కలకత్తాకి సిపాయిలని పట్టుకెళ్లాడు. అక్కడి జనం ఆ దక్షిణాది సిపాయిలని ‘తెలింగాలు’ అన్నారు. 1757లో అక్కడే కొత్త పటాలం కట్టి తెల్లవాళ్లలాగే ఎర్ర కోటు తొడిగితే ‘లాల్ పల్టన్’ అన్నారు. అసలు ఏ ఊరివాడైనా కంపెనీ యూనిఫాం వేసుకుంటే తెలింగాయే. 1857లో ఢిల్లీ జనం తిరగబడ్డ సిపాయిలని పిలిచింది కూడా ఆ పేరుతోనే. అంటే వందేళ్లపాటు ఉత్తరాదిలో యూనిఫాం వేసుకున్నవాడికి మన పేరు. మనుషులు బెంగాలు, బీహారు వాళ్లే కావచ్చు, ఆ పేరు ఎర్ర కోటు వేసుకుని తిరిగి చందుర్తి చేల దగ్గరికి వచ్చింది. ఆ కోటు కోసమే తూటాలు తిన్నది. ఇది ఆర్మ్ రాయలేదు, అతనికి పట్టదు కూడా. కానీ అతని పేజీ పక్కన ఈ మాట పెట్టుకుని చదివితే ఆ వర్ణన ఇదివరకటిలా చమత్కారంగా అనిపించదు.

మా ఆటగాళ్లు మొదట కొనేది స్టూవర్ట్ రీడ్ రాసిన ఆస్ప్రే పుస్తకం, 2009లో వచ్చింది, 1750 నుంచి 1850 దాకా ఈస్టిండియా కంపెనీ సైన్యాల గురించి. పల్చటి పుస్తకం, చివర్లో కాదు, మధ్యలో రంగుల బొమ్మలు. పనికొస్తుంది. ఆనంద గజపతి మనుషుల్ని అందులో వెతకడం నాదే పొరపాటు, కంపెనీ సైన్యాలని పేరులోనే ఉంది. వాళ్ల గురించి ఆర్మ్ రాసింది రెండు ముక్కలు. కొందరికి తుపాకులు, మిగతావాళ్లకి ఈటెలూ బాణాలూ. అదీ ఈసడింపుగానే. మా ఆటలో ఇలాంటివాళ్లని ‘ఇర్రెగ్యులర్స్’ అంటారు. ఏ రంగైనా వేసుకోవచ్చని అర్థం. వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది గానీ, అది ఎవరూ చూడలేదని ఒప్పుకోవడం.

మన వైపు చూసి గీసినవాళ్లు లేకపోలేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1640ల నాటి కలంకారీ రుమాలు ఒకటుంది, గోల్కొండ రాజ్యపు పని. అందులో అంగరఖాల మీద పువ్వులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అయితే వాళ్లు కొలువులో కూచున్న షోకిలాలు, కాలినడక బంట్లు కారు. పైగా బట్ట మా సీమలో నిలిచేది కాదు. మా అమ్మమ్మ వాళ్లది అవనిగడ్డ వైపు. 1977 ఉప్పెన తర్వాత ట్రంకుపెట్టెలో పెళ్లిచీర కూడా మిగల్లేదని చెప్పేది. బందరుని 1864లో ముంచిన ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారు. అక్కడ జెండాగుడ్డ వెతకడమేమిటి?

ఆ బందరు కోటనే ఫోర్డ్ 1759 ఏప్రిల్ 7 రాత్రి ఎక్కాడు. లోపల తనకంటే ఎక్కువ సైన్యం, వెనక నుంచి సలాబత్ జంగ్ వస్తున్నాడు, దగ్గర డబ్బు లేదు. కోట చుట్టూ ఆటుపోట్ల బురద. ఆ బురదలో నడిచి అర్ధరాత్రి ఎక్కారు. నాలుగు నెలల కిందట ఎర్ర రంగు గెలిపించిన సైన్యానికి ఇక్కడ రంగే లేదు. నా బందరు బొమ్మలన్నిటికీ నడుము దాకా ఒకటే బురద రంగు కొట్టేశాను. ఇంత తేలికైన పెయింటింగ్ ఇంకోటి లేదు.

ఇక్కడా ఆర్మ్ చూపు దొడ్డది. దాడి మొదలయ్యేటప్పుడు కనపడకుండా పోయి, మధ్యలో హఠాత్తుగా ప్రత్యక్షమై, వెంటనే తూటా తగిలి పడిపోయిన కెప్టెన్ కాలెండర్‌ని మర్చిపోలేం. ఇంకో కెప్టెన్, యార్క్, బురుజు మీద ముందుకు నడుస్తుంటే పక్కన ఇద్దరు నల్ల కుర్రాళ్లు డ్రమ్ము వాయిస్తున్నారు. యార్క్‌కి రెండు తొడల్లోంచీ తూటాలు పోయాయి. కుర్రాళ్లిద్దరూ అక్కడే చచ్చిపోయారు. యార్క్ పేరుంది. ఎన్ని తూటాలో, ఎక్కడ తగిలాయో ఉంది. కుర్రాళ్లకి పేర్లు లేవు.

డ్రమ్మర్ల కోటు గురించి మాత్రం కావలసినంత దొరుకుతుంది. ఆ రోజుల్లో బ్రిటిష్ పటాలాల్లో వాళ్లకి రంగులు తిరగేసేవాళ్లు, మిగతావాళ్ల కోటు మడత రంగు డ్రమ్మరుకి కోటు రంగయ్యేది. కంపెనీ డ్రమ్మర్లకీ నేను అదే వేశాను. పోయిన ఆదివారం ఆ ఇద్దరి దగ్గరికి వచ్చేసరికి బురద రంగు డబ్బా మూత పెట్టేశాను. కోట్లు శుభ్రంగా, అంచులతో సహా వేశాను, చీకట్లో కనపడవని తెలిసినా. చందుర్తి జెండాలు చుట్టేసినవే, బేస్ మీద అడ్డంగా పడుకోబెట్టాను. విజయనగరం మనుషులు పన్నెండుమంది ఇంకా ప్రైమర్ బూడిద రంగులోనే ఉన్నారు.